ముందు చక్రాల ముచ్చట

చరిత్రంటే రాజులూ, యుద్ధాలూ, సంవత్సరాలూను. బి.ఏ.లో నేను బట్టీపట్టిందీ అదే. చరిత్ర ఒక్కోసారి కారు కింద వెల్లకిలా పడుకుని కూడా ఉంటుందని నాకు తెలిసింది ఇటలీలో, టురిన్ నగరంలో, మా తమ్ముడి షెడ్డులో.

నేను వెళ్లిన మర్నాడు పొద్దున్నే వాడి కాళ్లు మాత్రం కనబడ్డాయి. మిగతా మనిషంతా ఓ పాత కారు కిందున్నాడు.

"మీ తమ్ముడికి రెండో సంసారం ఉంది వదినా. జీతంలో సగం దానికే" అంది మా మరదలు కాఫీ అందిస్తూ. నవ్వుతూనే అంది గాని, మాటలో కాస్త కారం లేకపోలేదు.

ఆ సవతి పేరు లాన్సియా ఫుల్వియా కూపే. 1971 నాటిది. రెండే తలుపులు, సన్నని కంబాల మీద నిలబెట్టినట్టున్న పల్చటి కప్పు. చెప్పొద్దూ, ఆ వయసులోనూ నాజూగ్గానే ఉంది! తమ్ముడు బైటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ దాని కథ చెప్పాడు. తర్వాత నేను పుస్తకాల్లో సరిచూసుకున్నాను.

విన్సెంజో లాన్సియా అనే ఆయన ఫియట్ కంపెనీ తరఫున పందేల్లో కార్లు నడిపేవాడు. 1906లో టురిన్‌లోనే సొంత కంపెనీ పెట్టుకున్నాడు. అప్పట్లో కారంటే కింద ఒక చట్రం, దాని మీద ఒక పెట్టె. 1922లో ఆయన చేయించిన 'లాంబ్డా' కారులో వేరే చట్రమంటూ లేదు. పడవకి లాగా ఒళ్లే చట్రం. ఆయన 1937లో పోయినా, "పని బాగుండాలి, ఖర్చు సంగతి తర్వాత" అన్న అలవాటు మాత్రం ఆ కంపెనీని వదల్లేదు. అదే దాని గొప్ప, అదే దాని కొంప ముంచింది.

1950ల నడుమ కంపెనీ ఆ కుటుంబం చేతుల్లోంచి కార్లో పెసెంటి అనే సిమెంటు వ్యాపారి చేతికొచ్చింది. ఆ రోజుల్లోనే అందులో చేరిన ఇంజనీరు ఆంటోనియో ఫెస్సియా. ప్రొఫెసరు కూడా. ఆయనదొకటే మంకుపట్టు. ఇంజను ముందు చక్రాలనే తిప్పాలి.

"తిప్పితే ఏమవుతుందిరా?" అన్నాను.

"ఎడ్లు బండికి ముందుంటాయా, వెనకుంటాయా అక్కా?"

నిజమే సుమా! వెనక చక్రాలు తిప్పే కారు తోపుడు బండి. ముందు చక్రాలు తిప్పేది ఎడ్లబండి. పైగా ఇంజను బరువు కూడా ఆ ముందు చక్రాల మీదే పడుతుంది కనక బురదలోనైనా, మంచులోనైనా పట్టు తొందరగా జారదు. అయితే ఆ చక్రాలకి రెండు చాకిరీలు. లాగాలి, మలుపూ తిరగాలి. అందుకని ఇరుసుకి మోచేతి కీలు లాంటి జాయింట్లు పెడతారు. వాటికి గ్రీజు, ఆ గ్రీజు కారిపోకుండా రబ్బరు తొడుగు. తొడుగు చిరిగిందా, దుమ్మూ నీళ్లూ చేరి, మలుపు తిరిగినప్పుడల్లా టక్ టక్‌మని చప్పుడు.

"అచ్చం అమ్మ మోకాళ్లలాగే" అన్నాడు వాడు.

మన దేశంలో ఇలాంటి కారు మధ్యతరగతి ఇళ్ల ముందుకి వచ్చింది 1983 డిసెంబరులో, మారుతి 800తో. అంబాసిడరూ, మన ఫియటూ వెనక చక్రాల బళ్లే.

ఫుల్వియా 1963లో నాలుగు తలుపులతో పుట్టింది. 1965లో పియెరో కస్తాన్యెరో గీసిన ఈ కూపే వచ్చింది. ఇంజనులో నాలుగు సిలిండర్లు 'వి' ఆకారంలో ఉంటాయి గాని, మధ్య కోణం 13 డిగ్రీలు కూడా లేదు. అందుకని నాలుగింటికీ కలిపి ఒకే మూత. ముందు భాగం ఎత్తు పెరక్కుండా ఆ ఇంజనుని 45 డిగ్రీలు పక్కకి వాల్చారు. నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులు! ఇవన్నీ డబ్బుతో పని. కార్లు మెప్పు పొందుతుంటే కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. 1968లో ఫెస్సియా పోయాడు. 1969లో లాన్సియా, అప్పులతో సహా, నామమాత్రపు ధరకి ఫియట్ చేతికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత, 1972లో, మాంటీకార్లో ర్యాలీ. కొండదారులు, మంచు. సాండ్రో మునారి, మారియో మన్నుచ్చి ఈ ఫుల్వియాలోనే వెళ్లి, పోర్షేలనీ ఆల్పైన్లనీ వెనక పెట్టి గెలిచారు. ఆ ఏడు తయారీదార్ల అంతర్జాతీయ చాంపియన్‌షిప్పు కూడా లాన్సియాదే. మంకుపట్టు పట్టిన పెద్దమనిషి చూడ్డానికి లేడు. 1976లో కూపే తయారీ ఆగిపోయింది.

"విప్పితే తెలుస్తుందక్కా, ఎవరూ చూడని చోట కూడా ఎంత శ్రద్ధగా చేశారో!" అన్నాడు తమ్ముడు.

విప్పడమంటే మాటలా! ఇంజనునీ, గేరుబాక్సునీ మోసే ముందు చట్రాన్ని మొత్తం కిందికి దింపాడు. అది కారు ఒంటికి అతుక్కునే చోట, యాభై ఏళ్ల వానలకీ, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకీ రేకు తుప్పు పట్టి రాలిపోతోంది. తుప్పంతా కోసేసి కొత్త రేకు వెల్డింగు చేయించాడు. కార్బురేటర్లు రెండు. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలోనూ, రెండో కొస ఒక్కో కార్బురేటరు నోటి దగ్గరా పెట్టుకుని, రెండూ ఒకేలా గాలి పీల్చేదాకా మర తిప్పుతూ కూర్చున్నాడు. డాక్టరు గుండె చూసినట్టే ఉంది.

చూస్తుంటే నాన్న గుర్తొచ్చాడు. మా ఇంట్లో ఒక ప్రీమియర్ పద్మిని ఉండేది. బొంబాయిలో తయారైనా దాని పుట్టిల్లు ఈ టురినే. ఫియట్ 1100 అది. ఆదివారాలు నాన్న దాని కింద దూరేవాడు. తమ్ముడు స్పానర్లు అందించేవాడు. వాడికి ఇంజనీరింగు సీటొచ్చిన ఏడు, ఫీజు కోసం నాన్న ఆ కారు అమ్మేశాడు. కొన్నవాడు నడుపుకోవడానికి కొనలేదు, పాత ఇనుము కింద కొన్నాడు. ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదు. ఆ సంగతి మళ్లీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

"ఆ ఫియట్ కోసమేనా ఇదంతా?" అన్నాను.

వాడు జవాబు చెప్పకుండా మళ్లీ కారు కిందికి దూరాడు.

మా మరదలు గుమ్మంలోనే ఉంది, విన్నది కాబోలు. "నాకెప్పుడూ చెప్పలేదే" అంది నెమ్మదిగా.

ఆ సాయంత్రం నన్ను పక్కన కూచోబెట్టుకుని, స్టీరింగు పూర్తిగా తిప్పి పెరట్లో గుండ్రంగా తిప్పాడు. "టక్ టక్ వినబడుతోందా?"

"లేదురా."

"సరిగ్గా విను."

విన్నాను. ఇంజను హోరు తప్ప ఏమీ లేదు. వెనక సీట్లో మా మరదలు, "రెండో చుట్టు తిప్పండి, నేనూ వినాలి" అంది.