180 వాటాలు

1872 ఫిబ్రవరి నెలాఖరు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, టైటస్‌విల్ పట్టణం. రైలు కిరాయిలు దాదాపు రెట్టింపయ్యాయన్న కబురుతో చమురు బావుల వాళ్లంతా వీధుల్లోకి వచ్చేశారు. కొందరికి మాత్రం ఆ పెంపు వర్తించదట. ఆ కొందరూ చేరిన సంస్థే సౌత్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ. చమురుకు ట్యాంకులు తయారుచేసే ఫ్రాంక్లిన్ టార్బెల్ రాత్రిపూట సభలకు వెళ్లి, ముఖాన నవ్వన్నది లేకుండా ఇల్లు చేరేవాడు. చిన్నకూతురిని కుర్చీ చేతి మీద కూర్చోబెట్టుకుని పాటలు పాడే అలవాటు మానేశాడు. పద్నాలుగేళ్ల పెద్దకూతురు ఐడా ఇదంతా చూస్తూనే ఉంది.

పెన్సిల్వేనియా శాసనసభ కొద్ది వారాల్లోనే ఆ కంపెనీ అనుమతిపత్రాన్ని రద్దుచేసింది. ఆలోపే జరగాల్సింది జరిగిపోయింది. క్లీవ్‌లాండ్ నగరంలోని 26 శుద్ధి కర్మాగారాల్లో 22 జాన్ రాక్‌ఫెల్లర్ చేతికి వచ్చాయి. ఆ పునాది మీదే స్టాండర్డ్ ఆయిల్ లేచింది.

ముప్ఫై ఏళ్ల తర్వాత మెక్‌క్లూర్స్ మాసపత్రిక ఆ సంస్థ చరిత్ర రాసే బాధ్యతను ఐడా టార్బెల్‌కు అప్పగించింది. తండ్రి వద్దన్నాడు. పత్రికను నాశనం చేస్తారని భయపడ్డాడు. ఆమె వెనక్కి తగ్గలేదు. అయితే ఊళ్లో అందరూ చెప్పుకునే కథలను ఆధారంగా తీసుకోనూ లేదు. ఆమెకు కావలసింది కాగితం. స్టాండర్డ్ ఆయిల్ మీద 1870ల నుంచీ రాష్ట్రాల శాసనసభలు, కోర్టులు, అమెరికా కాంగ్రెస్ విచారణలు జరుపుతూనే ఉన్నాయి. ప్రతి విచారణలోనూ పెద్దమనుషులు ప్రమాణం చేసి వాంగ్మూలం ఇచ్చారు, ఒప్పందాలు దాఖలు చేశారు. అచ్చయిన ఆ సంపుటాలన్నీ ఏదో ఒక రాష్ట్రంలో, ఏదో ఒక గదిలో దుమ్ము కొట్టుకుపోతున్నాయి.

అన్నింటికంటే ముఖ్యమైనది 1873లో అచ్చయిన చిన్న పుస్తకం. సౌత్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు, రైల్వేలతో రాసుకున్న ఒప్పందాలు, సాక్షుల మాటలు అన్నీ అందులో ఉన్నాయి. ఎవరిని అడిగినా ఒకటే జవాబు: ప్రతులన్నీ స్టాండర్డ్ వాళ్లే కొని నాశనం చేశారు, ఇక దొరకదు. చివరికి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఒక ప్రతి బయటపడింది. వెతికిపెట్టింది అక్కడి ప్రభుత్వ పత్రాల లైబ్రేరియన్ అడిలైడ్ హాస్. ఈ కథలో టార్బెల్ పేరు అందరికీ తెలుసు, హాస్ పేరు ఎవరికీ గుర్తులేదు. అది అన్యాయం. రాష్ట్రాల అధికార పత్రాల్లోని ఆర్థిక సమాచారానికి ఆ తర్వాత ఏళ్ల తరబడి సూచిక తయారుచేసిన మనిషి ఆమె. పదమూడు రాష్ట్రాల నివేదికలకు ఆమె దారి వెయ్యకపోతే వాటిని వెతకడం ఎందరి వల్ల అయ్యేది?

ఆ ఒప్పందాల్లో ఏముందో చూడండి. క్లీవ్‌లాండ్‌లో ఆ కంపెనీలో చేరని ఒక వ్యాపారి ముడిచమురు తెప్పించుకోవడానికి పీపాకు 80 సెంట్లు కిరాయి కడతాడు. అందులో 40 సెంట్లు రైల్వే తీసుకెళ్లి సౌత్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీకి ముట్టజెబుతుంది. తన సరుకు మీద తగ్గింపు చాలక, పోటీవాడు కట్టిన డబ్బులోనూ సగం తనకే. అంతటి దుర్మార్గం నలుపు తెలుపుల్లో, సంతకాలతో సహా ఉంది.

ఇక అసలు ఘట్టం. 1888లో న్యూయార్క్ సెనేట్ సంఘం ముందు రాక్‌ఫెల్లర్ ప్రమాణం చేశాడు. ప్రశ్నించినాయన పొరపాటున 'సదరన్' ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ అన్నాడు. అలాంటిది ఒకటుందని విన్నాను గానీ నేనందులో లేను అని రాక్‌ఫెల్లర్ జవాబు. టార్బెల్ ఈ వాంగ్మూలాన్ని ఒకపక్క, 1872 నాటి వాటాదారుల పట్టీని మరోపక్క పెట్టుకుని చూసింది. పట్టీలో జాన్ రాక్‌ఫెల్లర్, 180 వాటాలు. తమ్ముడు విలియం, 180. భాగస్వామి ఫ్లాగ్లర్, 180. పేరులోని పొరపాటును అడ్డుపెట్టుకుని తప్పుకున్న మనిషిని పదహారేళ్ల నాటి పట్టీ పట్టి ఇచ్చింది.

ఒహాయో రాష్ట్రానిదీ ఇలాంటి కథే. 1889లో అక్కడి అటార్నీ జనరల్ డేవిడ్ వాట్సన్ కొలంబస్ నగరంలోని ఒక పుస్తకాల దుకాణంలో ట్రస్టుల మీద రాసిన పుస్తకం కొన్నాడు. దాని అనుబంధంలో 1882 నాటి స్టాండర్డ్ ట్రస్టు దస్తావేజు మొత్తం అచ్చయి ఉంది. తమ రాష్ట్రం అనుమతితో పుట్టిన కంపెనీ తన పగ్గాలను న్యూయార్క్‌లోని తొమ్మిది మంది ధర్మకర్తలకు అప్పజెప్పిందని అప్పుడు తెలిసింది. పైనుంచి ఎంత ఒత్తిడి వచ్చినా వాట్సన్ కేసు వదల్లేదు. 1892లో ఒహాయో సుప్రీంకోర్టు ఆ ఒప్పందం చెల్లదంది.

టార్బెల్ రచన 1902 నవంబరు నుంచి ధారావాహికంగా వచ్చింది. స్టాండర్డ్ పెద్దల్లో ఒకడైన హెన్రీ రోజర్స్ ఆమెను న్యూయార్క్‌లోని తమ ఆఫీసుకు రానిచ్చి, అడిగినవాటికి జవాబులు చెబుతూ వచ్చాడు. ఆ మర్యాద ఒక కుర్రాడి వల్ల తెగిపోయింది. స్టాండర్డ్ వారికి చెందిన ఒకచోట పాత కాగితాలు తగలబెట్టడం ఆ కుర్రాడి పని. ఒక రాత్రి మంటలో వెయ్యబోతున్న కాగితాల మీద తనకు ఆదివారం బైబిలు పాఠం చెప్పే మాస్టారి పేరు కనిపించింది. ఆయన చిన్న చమురు వ్యాపారి. ఆయన సరుకు ఎప్పుడు, ఎక్కడికి రైలెక్కుతోందో రైల్వే గుమాస్తాలు స్టాండర్డ్‌కు చేరవేస్తున్నారు! కుర్రాడు ఆ కాగితాలు ఏరి మాస్టారికిచ్చాడు. మాస్టారి నుంచి అవి టార్బెల్‌కు చేరాయి. ఆ వివరాలు అచ్చులో చూసిన రోజర్స్ మండిపడ్డాడు. ఎక్కడివని నిలదీశాడు. ఆమె చెప్పలేదు. మళ్లీ వాళ్లిద్దరి సమావేశం జరగలేదు.

1906లో అమెరికా ప్రభుత్వం దావా వేసింది. 1911 మే 15న అమెరికా సుప్రీంకోర్టు స్టాండర్డ్ ఆయిల్‌ను విడగొట్టమని తీర్పిచ్చింది. ఆ సామ్రాజ్యం 34 కంపెనీలైంది.

అలాగని కంపెనీ దాఖలు చేసిందంతా నిజమని కాదు. హైదరాబాదు వాళ్లకు అది ఒకరు చెప్పాల్సిన పనిలేదు. సత్యం కంప్యూటర్స్ బ్యాలెన్స్ షీట్లు ఏటేటా ఆడిటర్ల సంతకాలతోనే దాఖలయ్యాయి. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికొచ్చాక గానీ అందులో 5,040 కోట్ల రూపాయల నగదు లేనే లేదని లోకానికి తెలియలేదు. అబద్ధపు కాగితం పక్కన మరో కాగితం పెట్టి చూస్తేనే దొరుకుతుంది. టార్బెల్ చేసింది అదే.

మన దేశంలో కంపెనీలు ఏటా రిజిస్ట్రార్‌కు ఆర్థిక నివేదిక, వార్షిక రిటర్ను దాఖలు చెయ్యాలి. కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో వంద రూపాయలు కట్టి ఎవరైనా వాటిని చూడవచ్చు. కూతురి పెళ్లికని దాచిన సొమ్ము ఏదైనా కంపెనీలో డిపాజిట్ చెయ్యబోయే ముందు, దయచేసి ఆ వంద ఖర్చుపెట్టండి. ఒక్క ఏడాదిది కాదు, మూడు నాలుగేళ్లవి తీసి పక్కపక్కన పెట్టుకుని చదవండి. అప్పులు ఎలా పెరిగాయో, డైరెక్టర్లు ఎందుకు మారారో చూడండి. అర్థం కాకపోతే తెలిసినవాళ్లను అడగండి. చదివే హక్కు మీకుంది.