ఇంటికప్పు లెక్క: తాటాకునుండి సిమెంటు వరకు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెతను ఎరుగని తెలుగువాడు లేడు. అయితే ఇల్లు కట్టుట ఒకసారి పడు కష్టము. కప్పు మార్చుట తరతరమునకును తిరిగివచ్చు కష్టము. గోడలు తాతలనాటివి కావచ్చును గాని కప్పు అట్లు నిలువదు. కప్పు మార్పునకు ఎంత వ్యయమగునో మన పల్లెవారు ముందుగా లెక్కగట్టుకొను విధానము కాలక్రమమున ఎట్లు మారెనో తెలిసికొనుట సామాన్యజనుల చరిత్రను తెలిసికొనుటయే యగును.

తీరాంధ్ర గ్రామములలో చిరకాలము తాటాకు, రెల్లు, వరిగడ్డి అనునవియే ఎక్కువ ఇండ్లకు కప్పు. మూడు నాలుగేండ్లకొకసారి మృగశిర కార్తె ప్రవేశించులోపల ఇల్లు నేయించుకొనవలసియుండెను. ఆనాటి అంచనా రూపాయలలో గాక ఆకులలో నడిచెడిది. ఎన్ని ఆకులు కావలెను, గట్టుమీది తాళ్ళు ఎన్ని ఇచ్చును, నేతకు ఎందరు కావలెను అనునదే లెక్క. ఇరుగుపొరుగువారు సాయము వచ్చిన, వారి ఇల్లు నేయునాడు తానును పోవుట ఋణము తీర్చుట. చేతి డబ్బు తక్కువగానే ఖర్చగుచుండెను గాని భయము తక్కువ కాదు. వేసవిలో ఒక్క నిప్పురవ్వ పడిన చాలు, వీధి యంతయు బూడిద యగుచుండెను. తుపాను వచ్చిన కప్పు మిగులదు. 1864వ సంవత్సరపు మచిలీపట్టణపు ఉప్పెనయు, 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనయు ఈ సత్యమును వేలాది ప్రాణములతో చాటినవి.

రాయలసీమలో మట్టిమిద్దెలది వేరు లెక్క. దూలములమీద వాసములు, వానిపై కట్టెలు, ఆకు, మట్టి పరచి పైన చవుడు వేయుదురు. వానకారుకు ముందు మరికొంత చవుడు చల్లుట స్వల్పవ్యయమే. కాని ఆ బరువు ఏటేట దూలముపై చేరుచుండును. 960 చదరపు అడుగుల మిద్దెపై అరడుగు మందమున మట్టియున్నచో అది ఇరువది టన్నులకు పైబడును. అట్టి మిద్దెను విప్పదలచినవాడు క్రొత్త కప్పు వెలతోపాటు పాతమట్టిని దింపి తరలించు కూలిని గూడ మొదటనే వ్రాసికొనవలెను.

పెంకుటిండ్లకు పూర్వము కుమ్మరి సారెపై చేసిన గూనపెంకులే ఆధారము. 1865లో బాసెల్ మిషన్ వారు మంగళూరులో పెంకుల కర్మాగారమును నెలకొల్పిన పిమ్మట ఒకదానితో నొకటి కొలికి పట్టు బల్లపరుపు పెంకు దేశమున వ్యాపించెను. దానితో అంచనాకు ఒక నిశ్చితత్వము వచ్చెను. పెంకులన్నియు ఒకే కొలత గలవి యగుటచే చదరపు మీటరునకు సుమారు 15 పెంకులని ముందే చెప్పవచ్చును. అయితే ఈ పెంకు నిలుచుటకు రీపర్లు సమానమైన ఎడముతో ఉండవలెను. గూనపెంకులను దించి వీనిని ఎక్కించినవారు పెంకు వెల మాత్రమే లెక్కించి, క్రొత్త రీపర్లకు డబ్బు చాలక చిక్కుపడుట కద్దు.

అంతకంటె పెద్ద పొరపాటు నేలకొలతతో కప్పును లెక్కించుట. 40 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు గల ఇంటి నేల 960 చదరపు అడుగులు. వెడల్పులో సగము 12, కొప్పు ఎత్తు 9 అడుగులైనచో వాలు 15 అడుగులగును. చూరునకు రెండడుగులు కలుపగా 17. రెండు వాలులకును కలిపి 1,360 చదరపు అడుగులు. అనగా నేలకంటె 400 అడుగులు అధికము. పెంకులు సుమారు 1,900. పగులువానికని మరి నూరు. కొప్పు పెంకులు వేరు. ఈ లెక్క మనకు క్రొత్తది కాదు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమున క్షేత్రముల కొలతకు ఒక ప్రకరణమే కలదు. ఆ గ్రంథమును తెలుగు చేసిన పావులూరి మల్లన మన తొలి గణితకవి.

1956వ సంవత్సరపు తూనికలు కొలతల చట్టము, 1957 ఏప్రిల్ 1న వచ్చిన నయాపైసలు అంచనాపత్రముల రూపును మార్చినవి. అణాలు, పైలు పోయి దశాంశములు వచ్చెను. నూరు చదరపు అడుగులకు చెప్పుచుండిన ధరను పది చదరపు మీటర్లకు చెప్పసాగిరి. ఈ రెండును సమానములు కావు; పది చదరపు మీటర్లు 107 అడుగులకు మించును. ఏ కొలతకు ధర చెప్పుచున్నారో అడుగని గృహస్థునకు నూటికి ఏడు వంతులకు పైగా తేడా వచ్చును.

సిమెంటు కప్పు వచ్చిన తరువాత అంచనా కప్పుతో ముగియుట లేదు. అయిదంగుళములకు కొంచెము తక్కువ మందము గల కాంక్రీటు పలక చదరపు మీటరునకు సుమారు 300 కిలోల బరువు. పెంకుల బరువు నలువది కిలోల లోపు. పెంకు మోసిన మట్టిగోడ పలకను మోయజాలదు. కావున కప్పు మార్పని తలపెట్టినది గోడలకు, పునాదులకు ప్రాకును. ఇది ముందెరుగనివాడు కప్పు విప్పిన పిదప వానకు ఎదురుగా నిలిచి, వడ్డీ ఎంతైనను అప్పుచేయక తప్పనివాడగును. ఎందరి పొలములో ఈ విధముగనే చేయి మారినవి.

కావున లెక్క తెలిసిన పెద్దలు నాలుగు పద్దులను విడువకుండిరి: విప్పుకూలి, క్రొత్త సామగ్రి, పనివాండ్ర కూలి, అనుకొనని ఖర్చు. పాత దూలములలో చేవగల టేకు వెలను అందుండి తీసివేసెడివారు. అట్టి చిట్టాలు ఇంకను కొన్ని ఇండ్ల అటకలమీద చెదలు తినుచున్నవి. వానిలో ఆకు వెల, పెంకు వెల, వడ్రంగి కూలి సంవత్సరములతో సహా ఉండును. రాజుల శాసనములు రాతిపై నిలిచినవి; గృహస్థుల చరిత్ర ఈ కాగితములందే కలదు. అవి గ్రామ గ్రంథాలయపు బీరువాకు చేరినచో రాబోవు తరమువారికి చరిత్రయు దక్కును, కప్పు విప్పుటకు ముందు చూచుకొన ఒక లెక్కయు దక్కును.