రెండు మంచి రాడ్లు, ఒక పెళుసు అతుకు

మిర్చి టిక్కీలు యార్డులో దించి వస్తున్న ట్రాక్టరు ట్రక్కుకు కొక్కెం దగ్గర పగులు కనిపిస్తే, చిలకలూరిపేట నుంచి ఒంగోలు దాకా వెల్డింగు షెడ్లలో వినిపించే మాట ఒకటే: "పాత అతుకు మీదే ఇంకో పొర వెయ్యి బాబాయ్!" రెండు రకాల వెల్డింగులు కలిస్తే బలం రెట్టింపని ధీమా. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో తేల్చింది మాత్రం అమెరికాలో ఒక భూకంపం.

1994 జనవరి 17 తెల్లవారుజామున లాస్ ఏంజెలెస్ శివారు నార్త్‌రిడ్జ్ 6.7 తీవ్రతతో కంపించింది. ఉక్కు చట్రాల మేడలు నిలబడే ఉన్నాయి. తీరా పైపూత ఒలిచి చూస్తే, వందకు పైగా భవనాల్లో దూలం స్తంభాన్ని కలిసే చోట వెల్డింగులు చిట్లి ఉన్నాయి. ఉక్కు సాగలేదు, వంగలేదు, గాజులా పగిలింది.

మొదటి ఆనవాలు, పగులు పుట్టిన చోటు. ఎక్కువగా దూలం కింది అంచున, వెల్డింగు అడుగున పెట్టే ఆసరా పట్టీ దగ్గరే మొదలైంది. రెండోది, వాడిన తీగ. బయటి గ్యాసు అక్కర్లేని ఇ70టీ-4 రకం. లాగుడు పరీక్షలో నెగ్గేదే. దెబ్బకు ఆగుతుందా అని అప్పటి నిబంధనలు అడగనేలేదు.

సరే, మంచి రాడ్డుతో మరమ్మతు చేస్తే పోలా? అసలు చిక్కు అక్కడే బయటపడింది. మిగిలిన పాత లోహం మీద, దెబ్బకు ఆగే రాడ్డు వేసి చూస్తే కొన్ని జతల్లో ఆ కొత్త లోహమే పెళుసుబారింది. లాగితే తేడా తెలియదు. గాటు పెట్టిన ముక్కను లోలకపు సుత్తితో కొట్టే చార్పీ పరీక్షకే ఈ దొంగ దొరుకుతాడు.

దొంగ పేరు అల్యూమినియం. గ్యాసు లేని తీగ గాలిలోని నైట్రోజన్‌ను, ఆక్సిజన్‌ను కట్టేయడానికి దాన్ని వెంట తెచ్చుకుంటుంది. తన పొరలో అది అవసరమే. మామూలు రాడ్డు లోహంలో మాత్రం సన్నని ఆక్సైడు రేణువుల చుట్టూ అల్లుకునే చిన్న స్ఫటికాలే పగులును అడ్డుకుంటాయి. కింది పొర కరిగి కలిసినప్పుడు అల్యూమినియం ఆ రేణువుల తీరునే మార్చేస్తుంది, నైట్రోజనూ పెరుగుతుంది, స్ఫటికాలు ముతకబారతాయి. అందుకే తర్వాత వచ్చిన అమెరికన్ భూకంప వెల్డింగు నిబంధనలు ఇలాంటి జతలకు ముందే కలగలుపు పరీక్ష చేయమన్నాయి.

అలాగని కలపడమే తప్పు కాదు. థర్మల్ స్టేషన్లలో బాయిలర్ పైపులకు అడుగు పొర ఆర్గాన్‌తో, పై పొరలు రాడ్డుతో వేయడం నిత్యం జరిగే పనే. రెండు లోహాలూ ఒకే జాతివి కనుక పేచీ రాదు.

మన షెడ్లలో అల్యూమినియం కంటే ఇత్తడికే నేను ఎక్కువ భయపడతాను. గ్యాసుతో ఇత్తడి అతికిన చోటే కరెంటు వెల్డింగు పెడితే, ఇత్తడిలోని రాగి కరిగి వేడి ఉక్కు స్ఫటికాల సందుల్లోకి దూరి చీలుస్తుంది. పాత ఇత్తడిని గ్రైండరుతో పూర్తిగా తీసేసి, శుభ్రమైన ఇనుము కనిపించాకే రాడ్డు పెట్టమని అడగండి. కొక్కెం విరిగితే ఆగడానికి మన ట్రక్కుల్లో చాలావాటికి సొంత బ్రేకులుండవు.