ఆండీస్ కూటమికి చిలీ పునరాగమనము

వర్తక కూటమిని వీడిన దేశము మరల దానిలో చేరవచ్చునా? ఒప్పందపు అక్షరములలో వెదకినచో సమాధానము సులభముగనే దొరకును. చిలీ చరిత్రను చూచినచో ప్రశ్నయే మారిపోవును.

1969లో కార్తహేనా నగరము పేర ప్రసిద్ధమైన ఒప్పందముపై బొలీవియా, కొలంబియా, ఈక్వడార్, పెరూలతో పాటు చిలీయును సంతకము చేసినది. తమలో తాము సుంకములు తొలగించుకొనుట, వెలుపలి సరకులపై అందరును ఒకే సుంకము విధించుట, కొత్త పరిశ్రమలను పంచుకొనుట దాని ఆశయములు. 1970లో చేసిన ఇరువది నాల్గవ నిర్ణయము, విదేశీయులు ఏటా తరలించుకొనిపోదగిన లాభమును పెట్టుబడిలో నూటికి 14కు పరిమితము చేసినది.

1973 సెప్టెంబరు 11న సైన్యము అయెండే ప్రభుత్వమును కూలద్రోసినది. సేనాని పినోచెట్ ప్రభుత్వము మరుసటి యేడే విదేశీ పెట్టుబడిని ఆహ్వానించు శాసనము చేసినది. సుంకములను వేగముగా తగ్గింపసాగినది. ఈ రెండును కూటమి నియమములకు విరుద్ధములే. 1976 అక్టోబరులో చిలీ వెలుపలికి వచ్చినది. ప్రజల నెవరును అడుగలేదు. అడుగు ఆచారము ఆనాడు అక్కడ లేదు. 1979 నాటికి దాదాపు అన్ని దిగుమతులపైనను నూటికి 10 చొప్పున ఒకే సుంకము మిగిలినది. ఆ పోటీకి నిలువలేక ఎన్నియో దేశీయ కర్మాగారములు మూతపడినవి.

1990లో ప్రజాస్వామ్యము తిరిగివచ్చినది. నియంతను ఎదిరించినవారే అధికారమున కూర్చుండిరి. వారైనను ఆయన తెంచిన బంధమును పూర్వపు రీతిని ముడివేయలేదు. అది పట్టుదల కాదు. పాత కర్మాగారములు లేవు. పండ్లు, చేపలు, కలప, రాగి దూరదేశములకు సాగుచుండెను. సుంకమును వారు ఇంకను తగ్గించి 2003 నాటికి నూటికి 6కు దించిరి. అమెరికాతో కుదిరిన వర్తక ఒప్పందము 2004లో అమలునకు వచ్చినది. ఇట్టి దేశము ఉమ్మడి సుంకమునకు తల ఒగ్గుట యెట్లు? తన సుంకమును తానే నిర్ణయించుకొను స్వేచ్ఛ దాని బ్రదుకుతెరువైపోయినది.

2006 ఏప్రిలులో, పెరూ, కొలంబియాలు అమెరికాతో చేసికొన్న ఒప్పందములపై ఆగ్రహించి వెనిజులా ఆ కూటమిని వీడినది. అదే యేడు సెప్టెంబరులో చిలీ అడుగుపెట్టినది, కాని అనుబంధ సభ్యురాలిగా మాత్రమే. సమావేశములలో దానికి ఆసనము కలదు, మాటాడు హక్కు కలదు, ఓటు లేదు.