పిల్లికి దక్కని పాలు

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ తెలియని తెలుగువారు అరుదు. ఎలుకల బాధ తీరడానికి రాయలవారు ఇంటికొక పిల్లిని పంచి, దాని పోషణకని ఒక ఆవును కూడా ఇప్పించారట. రామకృష్ణుడు మొదటిరోజే కాగే పాలు పిల్లి ముందు పెట్టాడు. మూతి కాలిన పిల్లి మళ్ళీ పాల జోలికి పోలేదు; ఆవు పాలన్నీ ఇంటివారికే మిగిలాయి. ఇది చరిత్ర కాదు, కథే. చిన్నప్పుడు మనమందరం కవిగారి యుక్తికి నవ్వుకున్నవాళ్ళమే. ఎండిన డొక్కలతో రాజసభలో నిలబడిన ఆ పిల్లి వైపు నుంచి ఆలోచించిన గుర్తు మాత్రం నాకు లేదు. ఆ పని చేవెళ్ళ దారిలో చేసిన ఒక ప్రయాణం చేయించింది.

హైదరాబాదు నుంచి మొయినాబాదు మీదుగా చేవెళ్ళకు పోయే ఆ దారి మర్రిచెట్లకు ప్రసిద్ధి. 1908 నాటి మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతమది. వాటి రక్షణకని 1996లో వెలువడిన 111వ నంబరు ఉత్తర్వు 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలకూ పెద్ద కట్టడాలకూ అడ్డుకట్ట వేసింది. 2022లో ఆ ఆంక్షలను తొలగిస్తూ 69వ నంబరు ఉత్తర్వు వచ్చింది. ఈ నడిమి కాలంలో జొన్నచేల పక్కన ప్రహరీగోడలు లేచాయి, ఫామ్‌హౌసులు వెలిశాయి. గోడ వెనుక ఏమి పెరుగుతున్నదో దారిన పోయేవారికి కనబడదు.

అలాంటి ఒక గోడ వెనుకకు, మిత్రుని కూతురు ముచ్చటపడితే, పిల్లికూనను చూడబోయాము. రేకుల షెడ్డు, అందులో వరుసగా ఇనుప పంజరాలు. ఒకదానిలో బొచ్చు ఉండలు కట్టిన తెల్లని తల్లిపిల్లి నాలుగు కూనలకు పాలిస్తూ పడుకొని ఉంది. చప్పిడి ముక్కు, రెండు కళ్ళ కింద నీటిచారలు. "నెల నిండింది సార్, పట్కపోండి. తల్లిని మల్ల జత కట్టించినం. రెండు నెలలైతే మల్ల పిల్లలుంటయి" అన్నాడు ఆ షెడ్డు చూసుకునే కుర్రవాడు. అతని మాటలో దాపరికం లేదు. కోడిగుడ్ల లెక్క చెప్పినంత మామూలుగా చెప్పాడు. మేము కూనను తీసుకోకుండానే తిరిగివచ్చాము.

మన ఇళ్ళలో పిల్లికి ధర ఉండేది కాదు. గాదెలో గింజలున్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పిల్లి. అది ఈనితే ఒక కూనను పక్కింటివారు పట్టుకుపోయేవారు. ఆ రోజులు స్వర్ణయుగమని అనను. అక్కరలేని కూనలను గోనెసంచిలో వేసి ఊరవతల వదిలినవారూ మనవారే. కాని తల్లిపిల్లి కడుపును ఆదాయమార్గంగా చూసినవారు లేరు.

పిల్లికి వంశమూ వెలా కట్టే అలవాటు ఐరోపాలో బలపడింది. ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాల్లే 1620 ప్రాంతంలో పర్షియాలో పొడుగు బొచ్చు పిల్లులను చూసి ముచ్చటపడి, వాటిని తన దేశానికి చేర్చే ప్రయత్నం చేశాడు. 'పర్షియన్' అన్న పేరుకు మూలం ఇటువంటి రాకపోకలే. చిత్రమేమిటంటే, 2008లో వెలువడిన జన్యు పరిశోధన నేటి పర్షియన్ జాతిని పశ్చిమ ఐరోపా పిల్లుల సరసన చేర్చింది. పేరు ఇరాన్‌ది, నెత్తురు ఐరోపాది అన్నమాట.

1871లో లండన్ క్రిస్టల్ పాలెస్‌లో హారిసన్ వేర్ అనే చిత్రకారుడు పెద్ద పిల్లుల ప్రదర్శన ఏర్పాటు చేశాడు. వీధిపిల్లిని కూడా జనం ఆదరంతో చూడాలన్నది ఆయన ఆశయం. 1887లో పుట్టిన నేషనల్ క్యాట్ క్లబ్‌కు తొలి అధ్యక్షుడూ ఆయనే. కాని కొద్ది ఏళ్ళకే ఆ పదవి వదులుకున్నాడు. సభ్యులలో చాలామందికి పిల్లుల బాగోగులకన్న బహుమతులే ముఖ్యమైపోయాయని రాసి మరీ బాధపడ్డాడు. పిల్లుల పోషణలో లాభం ఎటు లాగుతుందో, ఆ ఉద్యమాన్ని మొదలుపెట్టిన మనిషే మొదట గ్రహించాడు.

ఆ లాగుడు ఫలితం చప్పిడి ముక్కు. ముఖం ఎంత చదునైతే అంత అందమని తరతరాలుగా ఎంచి జత కట్టించారు. దానితో శ్వాస ఇరుకై, కన్నీటి దారి మూసుకుపోయి, కాన్పు కష్టమైంది. అటువంటి ప్రాణిని రేకుల కింద దక్కను ఎండకు ఉంచడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. పర్షియన్లలో మూత్రపిండాల్లో నీటితిత్తులు పెరిగే వంశపారంపర్య వ్యాధి ఒకటుంది. దానికి కారణమైన జన్యుదోషాన్ని 2004లో గుర్తించారు. తల్లిదండ్రులలో ఒక్కరికి ఉన్నా చాలు, కూనకు సంక్రమించవచ్చు. పరీక్ష ఉంది, చేయించినవారు దోషమున్న పిల్లిని జత కట్టించరు. కాని పరీక్ష ఖర్చు, విశ్రాంతి ఖర్చు, వైద్యుని ఖర్చు లాభంలోంచే తీయాలి. పెరటి వ్యాపారం నిలబడేదే ఆ ఖర్చులను ఎగవేసి.

పిల్లి చూలు దాదాపు 63 నుంచి 65 రోజులు. పాలిస్తూ ఉండగానే మళ్ళీ చూలు కట్టగలదు. ప్రకృతి ఇచ్చిన ఆ శక్తే పంజరంలో దానికి శాపమయింది. బ్రిటన్‌లోని ప్రధాన పిల్లుల సంఘం 13 వారాలు నిండనిదే కూనను కొత్త ఇంటికి పంపరాదంటుంది. మేము చూసినచోట నెలకే బేరం. కూన తల్లినుంచి నడవడిక నేర్చుకునే రోజులవి.

చట్టం ఏమంటుంది? 2017లో కేంద్రం తెచ్చిన నియమావళి ప్రకారం కుక్కలను ఈనించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. ఆడకుక్కకు వయోపరిమితీ కాన్పుల పరిమితీ ఉన్నాయి. 2018 నాటి నియమాలు పెంపుడు జంతువుల దుకాణాలను, పిల్లులమ్మేవాటితో సహా, నమోదు చేసుకోమన్నాయి. కాని కుక్కతల్లికి దొరికిన కాన్పుల లెక్క పిల్లితల్లికి లేదు. ఇక క్రూరత్వం నిరూపణ అయినా, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మొదటి నేరానికి విధించేది 10 నుంచి 50 రూపాయల జరిమానా. ఒక్క కూన ధరలో అది ఏ మూలకు?

మొయినాబాదు మండలంలోనే చిలుకూరు బాలాజీ ఆలయముంది. హుండీ లేని గుడిగా అది పేరుపొందింది. వైష్ణవులు శరణాగతిని వివరిస్తూ మార్జాలకిశోర న్యాయమంటారు. కూన ఏ ప్రయత్నమూ చేయనక్కరలేదు, తల్లే నోట కరచుకొని భద్రమైన చోటికి చేరుస్తుంది, దేవుడూ అంతేనని. పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందన్న మన సామెత కూడా ఆ జాగ్రత్తనే చెబుతుంది. ఆ గుడికి అంత దగ్గరలోనే తల్లి నోటినుంచి కూనను లాగి అంగడికి చేరుస్తున్నారు.

నేను పిల్లుల పెంపకానికి విరోధిని కాను. కొనదలచినవారు తల్లిని చూపమని అడగాలి, దాని వయసూ కాన్పులూ అడగాలి, పరీక్ష కాగితం అడగాలి. జవాబు దొరకకపోతే వెనుదిరగాలి. వీధిలో తిరిగే కూనను తెచ్చుకుంటే ఆ అడగడాలే ఉండవు. మిత్రుని కూతురు చివరికి ఆ పనే చేసింది. వారి అపార్ట్‌మెంటు మెట్ల కింద పుట్టిన బూడిదరంగు కూన అది. మొదటిరోజు ఆ పిల్ల గిన్నెలో పాలు పోసి, వేలు ముంచి చూసి, కాలడం లేదని తెలిశాకే కూన ముందు పెట్టింది.