సూరత్ ప్లేగు: రక్తం చెప్పిన సంగతి

1994 సెప్టెంబరు చివర గుజరాత్‌లోని సూరత్ రైల్వే స్టేషను జనంతో కిక్కిరిసిపోయింది. జ్వరం, దగ్గు, కఫంలో రక్తం! ఊపిరితిత్తుల ప్లేగు అన్న వార్తతో లక్షల మంది ఊరు విడిచారు. మరమగ్గాల మీద బతికే తెలుగు నేత కార్మికులు ఎందరో ఉన్న నగరమది.

అంతకు సరిగ్గా వందేళ్ల ముందు, 1894లో, హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ ప్లేగు క్రిమిని కనుగొన్నాడు. తరవాత దానికి ఆయన పేరే పెట్టారు: యెర్సీనియా పెస్టిస్.

ఇంతకీ ఈ క్రిమి రక్తాన్ని ఏం చేస్తుంది? గాయమైన చోట ప్లేట్‌లెట్లు గుమిగూడతాయి, ఫైబ్రిన్ దారాలు వాటిని అల్లుకుంటాయి, రక్తం గడ్డకడుతుంది. క్రిములు లోపలికి పాకకుండా ఆ గడ్డ కంచెలా కూడా పనిచేస్తుంది. ప్లేగు క్రిమి పైపొరమీద ఉండే 'ప్లా' అనే ఎంజైము మన రక్తంలోని ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మార్చి, ఆ దారాలనే కరిగిస్తుంది. కంచెను తెంచడానికి మన కత్తెరనే వాడుకుంటుందన్నమాట! ప్లా లేని క్రిములను చిట్టెలుకల చర్మం కింద ఎక్కిస్తే, వాటిని చంపడానికి సుమారు 10 లక్షల రెట్లు ఎక్కువ క్రిములు కావలసివచ్చాయని 1992లో అమెరికా శాస్త్రజ్ఞులు తేల్చారు.

క్రిములు రక్తంలో పెరిగాక జరిగేది దీనికి విరుద్ధం. వాటి పైపొరలోని ఎండోటాక్సిన్ అనే విషం వల్ల సన్నని రక్తనాళాలలో అంతటా గడ్డలు కడతాయి. ప్లేట్‌లెట్లు అక్కడే ఖర్చయిపోయి, అవసరమైన చోటికి మిగలవు. అందుకే ఒకే రోగిలో వేలికొసలు రక్తమందక నల్లబడతాయి, చర్మం కింద రక్తస్రావమూ అవుతుంది.

సూరత్‌లో వచ్చింది నిజంగా ప్లేగేనా అన్న వాదన చాలాకాలం నడిచింది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు అక్కడి క్రిముల డీఎన్‌ఏను పరీక్షించి, అవి యెర్సీనియా పెస్టిస్ క్రిములేనని 2000లో ప్రకటించారు. టెట్రాసైక్లిన్ పంపిణీ మాత్రం ఆ తీర్పుకోసం ఆగలేదు. 1994లోనే ఊరంతా జరిగింది.