బ్రేకుకు చెప్పులు కుట్టినవాళ్ళు

“తొక్కు... పట్టుకో... ఆఁ, వదులు.”

మా నాన్న నాకిచ్చిన మొదటి ఉద్యోగం ఇదే. తెనాలిలో మాకో టాక్సీ అంబాసిడర్ ఉండేది. వెనక బ్రేకులు విప్పినప్పుడల్లా పదేళ్ళదాన్ని నన్ను డ్రైవరు సీట్లో కూచోబెట్టేవాడు. సీటు అంచుకు జరిగితేగానీ కాలు పెడల్‌కి అందేది కాదు. ఆయన వెనక చక్రం దగ్గర గొంతుక్కూచుని, వీల్ సిలిండర్ నిపుల్ వదులు చేసి, గాలి బుడగలన్నీ పోయి బ్రేకాయిల్ సన్నటి ధారగా వచ్చేదాకా అదే పాట పాడేవాడు. నేను తొందరపడి ముందే వదిలితే గాలి మళ్ళీ లోపలికి పోయేది. “మళ్ళీ మొదటికొచ్చింది కదే అమ్మాయ్!” అనేవాడు.

అంతకు ముందురోజు నాకింకో పని ఉండేది. అరిగిన బ్రేకు షూలు నాలుగూ గోనెసంచిలో వేసుకుని లారీ షెడ్ల వరసలో ఉండే సాయిబు గారి కొట్టుకి తీసుకెళ్ళాలి. ఆ రోజుల్లో షూలు పారేసేవాళ్ళు లేరు. అరిగేది పైనున్న లైనింగు మాత్రమే. ఆయన ఉలితో పాత రివిట్లు కోసి, లైనింగు ఊడదీసి, ఇనుప షూని గీకి, దాని వంపుకి సరిపోయే కొత్త ముక్క పరిచి, ఇత్తడి రివిట్లు దిగ్గొట్టేవాడు. రివిట్ తల లైనింగు మట్టానికి లోపలే ఉండాలి. పైకి తేలితే డ్రమ్ముని గీరేస్తుంది. అందుకే ప్రతి రివిట్‌నీ బొటనవేలితో తడిమి చూసేవాడు. “ఏముందమ్మా, చెప్పు పనే ఇది. అరిగిన అట్ట తీసి కొత్తది వెయ్యడమే,” అనేవాడు నవ్వుతూ.

ఆ మాట ఎంత నిజమో నాకు చాలా ఏళ్ళ తరవాత, చదువుకుంటే తెలిసింది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని ఆయన చేసిన మూడు చక్రాల మోటారు బండిలో జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయలుదేరింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. పల్లాల్లో చెక్క బ్రేకులు అరిగిపోతుంటే బౌష్లాట్ అనే ఊళ్ళో చెప్పులు కుట్టే అతన్ని పిలిచి వాటికి తోలు కొట్టించింది. కారుకి పడిన మొదటి లైనింగు అదేనంటారు.

ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ కథా అలాంటిదే. కొండ దారుల్లో గుర్రబ్బళ్ళవాళ్ళు పాత బూట్లని బ్రేకు దిమ్మలకి తగిలించడం చూసి, ఇంతకంటే గట్టిది చెయ్యొచ్చని 1897లో పని మొదలెట్టాడట. తన పేరులోని అక్షరాలు అటూ ఇటూ చేసి, భార్య ఎలిజబెత్ పేరు మొదటి అక్షరం కలిపి, ‘ఫెరోడో’ అని పేరు పెట్టుకున్నాడు. 1902లో లూయీ రెనో డ్రమ్ము బ్రేకు తెచ్చాడు. తిరిగే గిన్నె లోపల రెండు షూలు విచ్చుకుని గోడని ఒత్తుకుంటాయి. నేను పెడల్ తొక్కితే నాన్న దగ్గర ఆయిల్ చిమ్మే విద్య మాల్కమ్ లాక్‌హీడ్‌ది. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకీ అది ఎక్కింది. అంబాసిడర్ 1957 నుంచి 2014 దాకా కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో తయారైంది. ఆఖరుదాకా దాని వెనక చక్రాలకి డ్రమ్ములే.

షూల సంగతి సరే, బండి లేపడం నాన్నకి పూజంత పద్ధతి. వెనక బ్రేకు పనిలో ఒక మెలిక ఉంది. హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. డ్రమ్ము ఊడాలంటే దాన్ని వదలాలి, వదిలితే బండిని పట్టేది లేదు. అందుకని ముందు చక్రాలకి రెండు వైపులా రాళ్ళు. చక్రం నేల మీద ఉండగానే పానాతో నట్లు వదులు చెయ్యాలి. ఆ తరవాతే జాకీ. “జాకీ లేపడానికేరా, మొయ్యడానికి కాదు,” అని క్లీనరు కుర్రాడికి రోజూ చెప్పేవాడు. ఇరుసు కింద పాత రైల్వే స్లీపరు దిమ్మలు పెట్టి, బరువు వాటి మీదకి దించేవాడు. విప్పిన చక్రాన్ని బండి అంచు కిందకి పడుకోబెట్టేవాడు.

ఒక వానాకాలం, దిమ్మలు ఇంకా పెట్టకముందే, తడి నేలలోకి జాకీ ఒక పక్కకి ఒరిగిపోయింది. బండి ధబ్బున ఆ పడుకోబెట్టిన చక్రం మీద కూచుంది. మధ్యలో ఎవరి కాలూ లేదు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. మర్నాటి నుంచి జాకీ కింద కూడా ఒక చెక్క పలక చేరింది.

ఆ జాగ్రత్తంతా ఇనుముతోనే. దుమ్ముతో ఎవరికీ జాగ్రత్త లేదు. డ్రమ్ము ఊడగానే లోపల బూడిద రంగు పొడి ఉండేది. నాన్న వొంగి, ఉఫ్ అని నోటితో ఊదేవాడు. సాయిబు గారి కొట్టులో అది నేల మీద పిండిలా పేరుకునేది. నా పరికిణీకి కూడా అంటేది. ఫ్రూడ్ కాలంలోనే లైనింగుల్లోకి వచ్చింది ఆస్బెస్టాస్. వేడికి కాలదు, నారలా అల్లుకుంటుంది. మన కడప జిల్లా పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె గనుల్లోనూ తవ్వారు. దాని పొడి ఊపిరితిత్తుల్లో దిగితే ఏళ్ళ తరవాత ప్రాణం తీస్తుందని ప్రపంచానికి తెలిసింది. 1986లో మన ప్రభుత్వం కొత్త గనులకి లీజులు ఆపింది. మా షెడ్ల వరసకి ఆ కబురు చేరలేదు. సాయిబు గారి దగ్గు పొగాకు వల్లేనని అందరం అనుకున్నాం. దేనివల్లో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

మొన్న హైదరాబాదులో మా ఇంటి పార్కింగులో నా కారు వెనక షూలు నేనే మార్చాను. ముందు చక్రాలకి ఇటుకలు, ఇరుసు కింద దిమ్మలకి బదులు ఇనుప స్టాండ్లు. పాత షూల మీద దుమ్ముని ఊదలేదు, తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డని సంచిలో కట్టేశాను. మా ఆయన డ్రైవరు సీట్లో కూచున్నాడు. “తొక్కండి... పట్టుకోండి... వదలండి” అన్నాను. ఆయనా తొందరపడే రకమే.

కొత్త షూలు లైనింగు అతికించే వస్తాయి, రివిట్లుండవు. పాతవి ఏం చెయ్యమంటారని కొట్టు కుర్రాణ్ణి అడిగితే, “పారెయ్యండి మేడమ్” అన్నాడు. ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. లైనింగు తప్ప ఇనుము చెక్కుచెదరలేదు. బొటనవేలితో తడిమాను, అలవాటు కొద్దీ.